ప్రమాణానికి ముందు ఒక వారం

"నేను తాగింది రాత్రి మేడం. పొద్దున చుక్క ముట్టలేదు. ఎనిమిదింటికి ఊదించి కేసు రాస్తే ఎట్లా?" అని అడిగాడాయన. రేణిగుంట వైపు టిప్పర్ తోలే మనిషి. కోర్టులో 10,000 ఫైన్ కట్టాడు, లైసెన్స్ సస్పెండ్ అయింది. భార్య పట్టుబట్టి తీసుకొచ్చింది. (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.)

నేను తిరుపతిలో మద్యం మాన్పించే కౌన్సెలర్‌ని. కాగితం మీద లెక్క వేసి చూపించాను. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. లివర్ గంటకు సుమారు 15 మాత్రమే తగ్గిస్తుంది. అర్ధరాత్రి 180 ఉంటే పొద్దున ఎనిమిదికి ఇంకా 60 ఉంటుంది. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా అది తొందరగా దిగదు.

ఆ పొద్దున తనకు మాట తడబడలేదని, అడుగు తూలలేదని ఆయన మళ్లీ మళ్లీ చెప్పాడు. నాకు భయం వేసింది అక్కడే. మద్యం ఒంట్లో ఉండి మామూలుగా తిరుగుతున్నాడంటే ఒళ్లు దానికి అలవాటు పడిపోయి ఉండొచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 'ఆడిట్' అనే పది ప్రశ్నలు అడిగాను. 40కి 8 వచ్చినా జాగ్రత్త పడాలి. ఈయనకు 26 వచ్చింది. పొద్దున లేవగానే కొంచెం పడితే తప్ప కుదురు లేని రోజులున్నాయా అన్నప్పుడు తల దించుకున్నాడు. "చెప్పయ్యా" అంది భార్య.

తర్వాత ఆమే, "రేపు కాణిపాకంలో ప్రమాణం చేయించేస్తాను, ఈ రాత్రి నుంచే బంద్" అంది. కోనేట్లో మునిగి, వినాయకుడి ముందు మాటిచ్చి, మళ్లీ ముట్టనివాళ్లు నాకు తెలుసు. ఆ ప్రమాణం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇలాంటి ఒళ్లు ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. "ఒక్క వారం ఆగమ్మా, ముందు డాక్టర్ దగ్గరికి పోదాం" అన్నాను. "దేవుడి దగ్గర వాయిదానా?" అని ఆమె చాలాసేపు ఒప్పుకోలేదు.

చివరికి అడ్మిట్ చేశారు. విటమిన్ బి1 ఇంజెక్షన్లు, రోజురోజుకూ డోసు తగ్గించే మాత్రలు ఇచ్చారు. రెండో రాత్రి చేతులు గ్లాసు పట్టలేనంత వణికాయి. ఫిట్స్ మాత్రం రాలేదు. తొమ్మిదో రోజు ఇద్దరూ కాణిపాకం వెళ్లారు.

రెండోసారి దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000 ఫైన్, లేదా రెండూ. ఆ శిక్ష ఉండాల్సిందే. కానీ ఫైన్ కట్టిన రోజే ఈ పది ప్రశ్నలు అడిగే మనిషి ఒకరు అక్కడ ఉండాలి. అయిదు నిమిషాలు చాలు. నా దగ్గరికి వచ్చినవాళ్లందరినీ భార్యలో, తల్లులో తెచ్చారు. కోర్టు పంపిందని ఒక్కరూ రాలేదు.

ఆయన ఇప్పుడు అదే టిప్పర్ మీద క్లీనర్‌గా పోతున్నాడు. సాయంత్రం బండి వైన్ షాపు దగ్గర ఆగినప్పుడు ఏం చేయాలో తోచడం లేదన్నాడు. వచ్చే మంగళవారం డ్రైవర్‌ని కూడా వెంటబెట్టుకుని రమ్మన్నాను.