సింధును ఓడించిన అమ్మాయి ఊరు

స్పెయిన్‌లోని సెవిల్లె బస్టాండులో టికెట్ కోసం 'హుయెల్వా' అని మూడుసార్లు అడిగాను. కౌంటర్‌లో ఉన్నాయనకు అర్థం కాలేదు. కాగితం మీద రాసి చూపిస్తే, "ఆ... వెల్వా!" అని నవ్వాడు. స్పానిష్‌లో ఆ 'హ' పలకరట. నాతో వచ్చినవాళ్లంతా గ్రనడా కోట చూడ్డానికి వెళ్లారు. నేనెందుకు రానన్నానో చెప్పడానికి కాస్త సిగ్గేసింది. కారణం 2016 ఆగస్టు 19.

ఆ సాయంత్రం హైదరాబాద్‌లో మా ఇంట్లో అందరం రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్ చూశాం. మొదటి గేమ్ సింధు 21-19తో గెలవగానే మా బాబాయి స్వీట్లకి మనిషిని పంపాడు. తర్వాత 12-21, 15-21. స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ ప్రతి పాయింటుకీ అరుస్తుంటే పిన్ని, "ఆ పిల్లని నోరు మూసుకోమనండ్రా" అని టీవీ మీదికి లేచింది. మ్యాచ్ అయ్యాక కరోలినా కోర్టులో పడి ఏడుస్తుంటే సింధే వెళ్లి లేపి కౌగిలించుకుంది. మా కోపం కొంచెం తగ్గింది. కొంచెమే.

కరోలినా పుట్టిన ఊరు ఈ వెల్వాయే. ఇక్కడ దిగితే ముందు కనిపించేది బ్యాడ్మింటన్ కాదు, ఫుట్‌బాల్. రియో టింటో గనుల్లో పనికొచ్చిన బ్రిటిష్‌వాళ్ల చలవతో 1889లో పుట్టిన రెక్రియాతివో, స్పెయిన్‌లోకెల్లా పాత క్లబ్. ఆ గనుల ఖనిజాన్ని ఓడలకెక్కించిన ఇనుప వంతెన ఇంకా నది మీద ఉంది. ఇప్పుడు దానిమీద జనం షికారు చేస్తారు. ఇలాంటి ఊళ్లో ఫ్లమెంకో నాట్యం నేర్చుకునే కరోలినాని ఓ స్నేహితురాలు బ్యాడ్మింటన్‌కి లాక్కెళ్లింది. పద్నాలుగేళ్లకే కరోలినా ఇల్లు వదిలి మాడ్రిడ్ వెళ్లిపోయింది. రియో ముందువరకు మహిళల సింగిల్స్ ఒలింపిక్ స్వర్ణం ఆసియా దాటి పోలేదు.

వెల్వాలో కరోలినా పేరున్న హాలుకి సాయంత్రం వెళ్దామని, మధ్యాహ్నం పక్కనే ఉన్న మొగేర్‌కి బస్సెక్కాను. 1956లో నోబెల్ అందుకున్న కవి హువాన్ రమోన్ హిమెనెత్ పుట్టింది అక్కడే. ప్లాటేరో అనే గాడిదపిల్ల మీద ఆయన రాసిన పుస్తకంలోని మాటలు వీధి గోడల మీద పింగాణీ పలకల్లో కనిపిస్తాయి. గాడిదకింత మర్యాద చేసే ఊరు మరొకటి నేను చూడలేదు. కానీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆయన భార్య సెనోబియా. టాగూర్‌ని స్పానిష్‌లోకి తెచ్చింది ఈమే. అంతర్యుద్ధం మొదలైన 1936లో ఇద్దరూ దేశం వదిలారు. నోబెల్ కబురు వచ్చిన మూడో రోజే ఆమె పోర్టో రీకోలో చనిపోయింది. ఏడాదిన్నరకి ఆయనా పోయాడు. ఇద్దరినీ తెచ్చి మొగేర్‌లోనే పక్కపక్కన పాతిపెట్టారు.

పొద్దు వాలుతుండగా హాలు చేరాను. పెద్ద స్పోర్ట్స్ హాలు, దానికి కరోలినా మారిన్ పేరు పెట్టారు. ఆ రోజు పోటీలేమీ లేవు. 2021 డిసెంబరులో ప్రపంచ పోటీలు ఇక్కడే జరిగితే, మోకాలి ఆపరేషన్ వల్ల తన పేరున్న హాల్లో తానే ఆడలేకపోయింది. మన గుంటూరు కిడాంబి శ్రీకాంత్ మాత్రం ఫైనల్‌కి వెళ్లాడు. ప్రపంచ పోటీల్లో మగవాళ్ల సింగిల్స్ ఫైనల్ చేరిన మొదటి భారతీయుడు అతనే. సింగపూర్ ఆటగాడి చేతిలో 15-21, 20-22.

గేటు దగ్గర నిలబడి పిన్నికి వీడియో కాల్ చేసి హాలు చూపించాను. శ్రీకాంత్ సంగతీ చెప్పాను.

"అక్కడ కూడా ఓడిపోయామా?" అంది. మన దేశపు లీగ్‌లో ఇదే కరోలినా 2018లో హైదరాబాద్ హంటర్స్ జట్టుతో కలిసి కప్పు గెలిచిందని గుర్తుచేశాను. పిన్ని పట్టించుకోలేదు. ఆమె మనసు పారిస్ ఒలింపిక్స్ దగ్గరుంది. 2024 సెమీస్‌లో మొదటి గేమ్ గెలిచి, రెండో గేమ్‌లో 10-6తో ముందుండగా కరోలినా మోకాలు పట్టేసి కూలిపోయింది. ఆ రోజు పిన్ని టీవీ ముందు నుంచి లేవలేదు.

"అంత దూరం వెళ్లావు కదా, ఆ పిల్ల మోకాలు ఇప్పుడెలా ఉందో ఎవరినైనా అడగరాదూ?" అంది.