ఈఎంఐ మారలేదని మురిసిపోకండి

ఇంటి ధర గురించి బేరమాడినంత గట్టిగా లోన్ గడువు గురించి ఎవరూ అడగరు. వడ్డీ రేటు పెరిగినప్పుడు ముందుగా సాగేది మాత్రం అదే.

ఒక లెక్క చూద్దాం. హైదరాబాద్ శివార్లలో 75 లక్షల ఫ్లాట్, 60 లక్షల లోన్, 20 ఏళ్లు. 2021లో 6.75 శాతానికి దొరికిన లోనైతే ఈఎంఐ రూ.45,622. ఏడాది కట్టాక అసలు 58.53 లక్షలకు దిగుతుంది. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపోని, అంటే బ్యాంకులకి తాను అప్పిచ్చే రేటుని, 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. లెక్క తేలికగా ఉండటానికి ఆ రెండున్నర శాతమూ ఒకేసారి మీద పడిందనుకుందాం. రేటు 9.25 అయింది, ఈఎంఐ అదే. ఇప్పుడు నెల వడ్డీయే రూ.45,117. మీరు కట్టినదాంట్లో అసలుకి జమయ్యేది 505 రూపాయలు! మిగిలిన 19 ఏళ్ల అప్పు తీరడానికి దాదాపు 49 ఏళ్లు పడుతుంది.

బ్యాంకు అంతదాకా సాగనివ్వదు. వయసు పరిమితి దగ్గరో, 30 ఏళ్ల దగ్గరో ఆపి ఈఎంఐ పెంచుతుంది. అప్పటిదాకా కట్టినదాంట్లో చాలావరకు వడ్డీకే పోయి ఉంటుంది.

పాత గడువులోనే తీర్చాలంటే ఈఎంఐ సుమారు రూ.54,600 చేసుకోవాలి. అంత కుదరకపోతే 50,000 కట్టినా గడువు 25 ఏళ్లకు దిగుతుంది. నెలకి నాలుగు వేల చిల్లరతో 24 ఏళ్లు తగ్గుతాయంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఈఎంఐకీ వడ్డీకీ తేడా సన్నగా ఉన్నప్పుడు ప్రతి వెయ్యీ పనిచేస్తుంది.

రీసెట్ అప్పుడు, అంటే బ్యాంకు మన వడ్డీ రేటుని మార్చినప్పుడు, ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంచెం కొంచెమా అన్నది ఎంచుకునే హక్కు మనకి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2023 ఆగస్టులోనే చెప్పింది. మెసేజ్ రాలేదని ఊరుకోకండి. స్టేట్‌మెంట్‌లో మిగిలిన నెలల సంఖ్యని పాత స్టేట్‌మెంట్‌తో పోల్చండి, రాతపూర్వకంగా అడగండి.

2025 ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్‌లలో రెపో మొత్తం 1 శాతం తగ్గింది. 2019 అక్టోబర్ తర్వాత బ్యాంకులో తీసుకున్న ఫ్లోటింగ్ (రేటు మారుతూ ఉండే) లోనైతే, రెపోకి ముడిపడి ఉంటే, కనీసం 3 నెలలకోసారి రీసెట్ కావాలి. అంతకన్నా పాతదైతే బ్యాంకు తన ఖర్చుల్ని బట్టి లెక్కగట్టే ఎంసీఎల్ఆర్ మీదో, బేస్ రేటు మీదో ఉండొచ్చు, అక్కడ తగ్గింపు నత్తనడకన వస్తుంది. చిన్న కన్వర్షన్ ఫీజు కట్టి రెపోకి ముడిపడిన లోన్‌గా మార్చుకోవడం మేలు. కొత్తవాళ్లకి ఇస్తున్న రేటు చూపించి స్ప్రెడ్, అంటే రెపో మీద బ్యాంకు కలుపుకునే శాతం, తగ్గించమని కూడా అడగాలి, అడగందే ఎవరూ ఇవ్వరు.

రేటు తగ్గితే ఈఎంఐ తగ్గించుకోకుండా అలాగే కట్టమని అందరూ చెప్తారు. ఉద్యోగం స్థిరంగా ఉంటే అది సరైన సలహానే. ఐటీ కంపెనీల్లో ఎప్పుడు ఎవరి పేరు వస్తుందో తెలియని ఈ రోజుల్లో మాత్రం ముందు ఆరు నెలల ఈఎంఐలు విడిగా దాచుకోవాలి, అసలులో కొంత ముందే తీర్చే పార్ట్ పేమెంట్ ఆ తర్వాతే. ఫ్లోటింగ్ హోమ్‌లోన్‌కి ముందుగా కట్టినందుకు పెనాల్టీ లేదు, కాబట్టి తొందరేం లేదు. ఒకసారి లోన్‌లో వేసిన డబ్బు మాత్రం, ఓవర్‌డ్రాఫ్ట్ తరహా ఖాతా అయితే తప్ప, మళ్లీ చేతికి రాదు.

ఇంకా కొననివాళ్లు చేసే పొరపాటు వేరు. 75 లక్షల్లో బ్యాంకు ఇవ్వని 15 లక్షలు చూసుకుంటారు, తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కయ్యే 7.5 శాతాన్ని, అంటే 5.62 లక్షలని మర్చిపోతారు. కడుతున్న బిల్డింగైతే 5 శాతం జీఎస్టీ, ఇంకో 3.75 లక్షలు. ఓసీ (బిల్డింగ్ పూర్తయి ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం) వచ్చిన ఫ్లాట్‌కైతే జీఎస్టీ ఉండదు. ఈ 9 లక్షల పైచిలుకుని పర్సనల్ లోన్‌తో పూడ్చారంటే మొదటి నెల నుంచే రెండు ఈఎంఐలు.

జీతం ఆగిపోతే ఒక్క ఈఎంఐ కూడా తప్పకముందే బ్రాంచికి వెళ్లండి. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. ఆపైన, తాకట్టు పెట్టిన ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. గడువు పెంచడమో, కొన్నాళ్లు ఈఎంఐ తగ్గించడమో మేనేజర్ తేలిగ్గా పరిశీలించగలిగేది ఖాతా శుభ్రంగా ఉన్నప్పుడే.