ఐరన్ మాత్ర, హాస్టల్ టీ, నేను

మా కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళు రక్తదాన శిబిరం పెడితే నేనూ పేరిచ్చాను. పద్దెనిమిదేళ్ళు నిండాయి, బరువు 45 కిలోలు దాటింది, ఇంకేం కావాలి అనుకున్నాను. తీరా వెళ్తే, మంచం దాకా పోకముందే ఒక బల్ల ఉంది. అక్కడ కూర్చున్న సిస్టర్ వేలి చివర గుచ్చి, సన్నటి గాజు గొట్టంతో ఒక చుక్క రక్తం తీసి, గ్లాసులోని నీలం రంగు నీళ్ళలోకి వదిలింది. అది మైలుతుత్తం కలిపిన నీళ్ళట. హిమోగ్లోబిన్, అంటే రక్తంలో ఐరన్‌తో తయారయ్యే ఎర్రటి పదార్థం, డెసిలీటరుకి 12.5 గ్రాములు ఉంటే చుక్క నేరుగా అడుక్కి పోతుంది, లేకపోతే పోదు. నా ముందున్న అబ్బాయి చుక్క చూస్తుండగానే దిగిపోయింది. నాది కొంచెం దిగి, మధ్యలో ఆగి, మెల్లగా పైకి వచ్చి గ్లాసు అంచుకు చేరింది.

"నీకే రక్తం లేదు తల్లీ, ఇంకొకరికేం ఇస్తావు? ముందు సీబీపీ చేయించుకో" అని సిస్టర్ చీటీ మీద రాసిచ్చింది. బిస్కెట్ ప్యాకెట్, ఫ్రూటీ మాత్రం ఇచ్చి పంపారు.

సీబీపీ అంటే రక్తకణాలన్నీ లెక్కపెట్టే రక్త పరీక్ష. అందులో నా హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఆడవాళ్ళకి డెసిలీటరు రక్తంలో 12 గ్రాములు ఉండాలి. 11 నుంచి 12 లోపు ఉంటే రక్తహీనత కొద్దిగా ఉన్నట్టు, 8 నుంచి 11 లోపు అయితే మధ్యస్థం, 8 కంటే తగ్గితే తీవ్రం. అంటే నేను మధ్యలో ఉన్నానన్నమాట. ఇదేమీ అరుదైన జబ్బు కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. సగానికి పైగా ఉన్నవాళ్ళలో నేనొకదాన్ని. అందుకే కాబోలు, ఎవరికి చెప్పినా "ఓస్, అంతేనా, అందరికీ ఉండేదే" అన్నారు.

రిపోర్టు చేతికొచ్చాక పాత సంగతులన్నీ ఒక్కొక్కటే అర్థమయ్యాయి. వైజాగ్‌లో నడక అంటే ఎక్కడమో దిగడమో. బీచ్ రోడ్డు నుంచి పైకి రావాలంటే మధ్యలో ఆగి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేదాన్ని. మధ్యాహ్నం క్లాసులో నిద్ర. దువ్వెన నిండా జుట్టు. అన్నిటికంటే పచ్చి బియ్యం. సెలవులకి ఇంటికెళ్తే డబ్బాలోంచి గుప్పెడు తీసి నములుతుంటే, "పెళ్ళిలో వాన పడుతుందే, ఆపు" అని అమ్మమ్మ అరిచేది. బియ్యం, బలపం, ఐసు ముక్కలు ఇలా అదేపనిగా తినాలనిపించడం ఐరన్ తక్కువైనవాళ్ళలో కనిపించే లక్షణమని, దానికి పైకా అని పేరు కూడా ఉందని నాకు డాక్టరు చెప్పేదాకా తెలీదు. మా ఊళ్ళో చాలామంది ఆడపిల్లలకి వానల్లోనే పెళ్ళిళ్ళయి ఉండాలి.

మొదట హాస్టల్‌కి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి వెళ్ళాను. అక్కడ రిపోర్టు సగం చూసి, "సెలైన్‌లో ఐరన్ ఎక్కించేద్దాం, త్వరగా లేస్తావు" అన్నారు. మాత్రలు పడనివాళ్ళకి, మరీ తక్కువగా ఉన్నవాళ్ళకి అది అవసరమే. కానీ ఒక్క మాత్ర కూడా మింగి చూడకముందే ఎక్కించడం ఎందుకని అడిగితే సరైన జవాబు రాలేదు, ఖర్చు మాత్రం చెప్పారు. అమ్మకి ఫోన్ చేస్తే, "కేజీహెచ్‌కి పో, అక్కడ పెద్ద డాక్టర్లుంటారు" అంది. కేజీహెచ్ అంటే వైజాగ్‌లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి. మా శ్రీకాకుళం వైపు ఎవరికి ఏమొచ్చినా చివరికి చెప్పే మాట అదే.

పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకుని కూర్చున్నాను. లైన్ గురించి చెప్పేదేముంది, అందరికీ తెలిసిందే. లోపల చూసిన డాక్టరు గారు పీజీ చదువుతున్నట్టున్నారు, మా అక్క వయసు ఉంటుంది. ఆవిడ రిపోర్టులో నంబరు చూసేకంటే ముందు నన్ను ప్రశ్నలడిగారు. నెలసరి ఎన్నాళ్ళుంటుంది? ఎన్ని గంటలకోసారి ప్యాడ్ మారుస్తావు? గడ్డలు పడతాయా? టీ ఎన్నిసార్లు? టిఫిన్ తింటావా, మానేస్తావా? విరేచనంలో రక్తం కనిపించిందా? పక్కన అటెండరూ, ఇంకో పేషెంటూ ఉన్నారు. ప్యాడ్ల సంగతి చెప్పడానికి గొంతు పెగల్లేదు. ఆవిడే కాగితం, పెన్ను నా ముందుకు తోసి, "రాసివ్వు" అన్నారు. ఏడు రోజులు దాటి ఉండటం, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోవడం మామూలు కాదట. మా ఇంట్లో అందరికీ అంతే కాబట్టి నేను అదే మామూలు అనుకున్నాను.

ఫెర్రిటిన్ పరీక్ష కూడా రాశారు. హిమోగ్లోబిన్ అంటే చేతిలో ఉన్న డబ్బు, ఫెర్రిటిన్ అంటే బ్యాంకులో ఉన్నది అని చెప్పారు. అది 15 కంటే తగ్గితే ఒంట్లో ఐరన్ నిల్వలు అయిపోయినట్టే. నాది 6. ఎర్ర కణాల సైజు కూడా చిన్నగా ఉంది. సైజు చిన్నగా ఉన్నంత మాత్రాన ఐరన్ లోపమే అనుకోకూడదట, తలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బు జన్యువు ఉన్నా అలాగే కనిపిస్తుంది. ఫెర్రిటిన్ చూస్తే ఆ తేడా తెలుస్తుంది. ఈ మాట నా రూమ్‌మేట్‌కి బాగా పనికొచ్చింది. తనది పాడేరు పక్క ఊరు. ఏజెన్సీలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్న కుటుంబాలున్నాయి, 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద అక్కడ పరీక్షలు చేస్తున్నారు. తనకి రక్తం తక్కువని టానిక్కులు తాగించడమే తప్ప ఎవరూ ఆ పరీక్ష చేయించలేదు. నేను చెప్పాక చేయించుకుంది. రిపోర్టు తన సొంత విషయం, ఇక్కడ రాయను. రక్తం తక్కువన్న ప్రతివాళ్ళూ మెడికల్ షాపుకెళ్ళి ఐరన్ కొనేసుకోవడం సరికాదని మాత్రం మా ఇద్దరికీ అర్థమైంది.

నాకు ఐరన్ మాత్రలు, నెలసరి రోజుల్లో రక్తస్రావం తగ్గడానికి వేరే మాత్రలు, నులిపురుగులకి అల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒకటి రాశారు. ఇంతవరకూ బానే ఉంది. అసలు కష్టం హాస్టల్‌లో మొదలైంది.

ఐరన్ మాత్ర ఖాళీ కడుపుతో వేసుకుంటే బాగా ఒంటికి పడుతుంది. టీ, కాఫీ, పాలు, పెరుగు, కాల్షియం మాత్ర దాని దగ్గరికి రాకూడదు, కనీసం గంటయినా ఎడం ఉండాలి. మా హాస్టల్‌లో పొద్దున్న ఆరున్నరకి టీ, ఎనిమిదింటికి టిఫిన్‌తో మళ్ళీ టీ, మధ్యాహ్నం భోజనంలో పెరుగు, నాలుగున్నరకి టీ, రాత్రి మజ్జిగ. మాత్రకి ఎక్కడా సందు లేదు. కాలేజీలో ఆరోగ్యం మీద క్లాసులు చాలా విన్నాను. ప్రొజెక్టర్ మీద పాలకూర బొమ్మ, దానిమ్మ బొమ్మ, "సమతులాహారం తీసుకోండి" అని ఒక మాట, చప్పట్లు, గ్రూప్ ఫోటో. మెస్ మెనూ మన చేతిలో లేనివాళ్ళకి సమతులాహారం ఎలా తీసుకోవాలో ఏ ఒక్కరూ చెప్పలేదు. మాత్ర ఏ గంటకి మింగాలో చెప్పినవాళ్ళు అంతకన్నా లేరు. ఐరన్ మంచిదని మా హాస్టల్‌లో తెలియనిదెవరికి? స్కూల్లో వారం వారం నీలం మాత్ర ఇచ్చినప్పటి నుంచీ తెలుసు. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మాలో చాలామంది దాన్ని కిటికీలోంచి విసిరేసేవాళ్ళం, ఎందుకంటే కడుపులో తిప్పుతుంది.

తిప్పింది కూడా. మొదటివారం పొద్దున్నే వేసుకుంటే బస్సులో వాంతి వచ్చినంత పనయింది. దాంతోపాటు మలబద్ధకం, నల్లటి విరేచనం. నలుగురికీ కలిపి ఒకే బాత్రూమ్ ఉన్నచోట మలబద్ధకం ఎంత టెన్షనో హాస్టల్ పిల్లలకి చెప్పక్కర్లేదు, బయట తలుపు కొడుతూనే ఉంటారు. నల్లగా రావడం చూసి భయపడి డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాను. "మాత్ర వేసుకుంటే అలాగే వస్తుందమ్మా, మొన్న చెప్పడం మర్చిపోయాను" అని ఆవిడే అన్నారు. నాకు తెలిసి ఎక్కువమంది మాత్రలు మానేసేది ఇక్కడే. ముందే ఒక్క మాట చెబితే సగం మంది మానరు.

ఆవిడ పద్ధతి మార్చారు. రాత్రి భోజనమయ్యాక రెండు గంటలు ఆగి, పడుకోబోయే ముందు నిమ్మకాయ నీళ్ళతో మాత్ర, అదీ రోజు విడిచి రోజు. సగం మాత్రలే వేసుకుంటే ఎలా సరిపోతుందని అడిగాను. ఐరన్ ఒక మోతాదు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ వదులుతుందట, అది మర్నాటి దాకా పేగుల్లోంచి ఐరన్‌ని లోపలికి సరిగ్గా రానివ్వదు. అందుకని వెంటనే వేసుకున్న రెండో మాత్రలో చాలావరకు వృథా అయి, కడుపునొప్పి మాత్రం మిగులుతుంది. ఇది అందరికీ కాదు, ఎవరికెలా వేయాలో డాక్టరే చూసి చెప్పాలి. నాకు మాత్రం తిప్పడం ఆగిపోయింది.

తిండి సంగతి అమ్మతో పెద్ద గొడవ. ఎర్రగా ఉన్నదేదైనా రక్తమవుతుందని అమ్మ నమ్మకం. వారం వారం దానిమ్మ పళ్ళు కొనుక్కోమని ఫోన్‌పే చేసేది, బీట్‌రూట్ జ్యూస్ తాగమనేది. వంద గ్రాముల దానిమ్మ గింజల్లో ఉండే ఐరన్ మిల్లీగ్రాములో మూడో వంతు కూడా ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలి. "దానిమ్మ మీదే ఆధారపడితే రోజూ బుట్టలు బుట్టలు తినాలమ్మా, పొలం అమ్మాలి" అంటే నవ్వింది. ఆ డబ్బుతో ఆదివారం మేక కార్జం తింటున్నాను. మాంసం, చేపల్లో ఉండే ఐరన్ ఆకుకూరల్లో ఉండేదానికంటే బాగా ఒంటికి పడుతుంది. మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి వాళ్ళమ్మ చేసిన నల్ల (మేక రక్తం) వేపుడు తెస్తే అదీ తిన్నాను, మునుపు ముట్టేదాన్ని కాదు. మాంసం తిననివాళ్ళకి తోటకూర, పప్పు, శనగలు ఉన్నాయి, కాకపోతే పక్కన సి విటమిన్ ఉండాలి. దానికి కాలేజీ గేటు దగ్గర ఉప్పూ కారం చల్లి అమ్మే జామకాయ ముక్కలు చాలు, నారింజ కన్నా జామలోనే సి విటమిన్ ఎక్కువ. చోడి (రాగి) అంబలి గురించి కూడా డాక్టరు గారిని అడిగాను. మంచిదే, ఐరన్ ఉంది, అంతకు ఎన్నో రెట్లు కాల్షియం కూడా ఉంది, అందుకని తాగు కానీ మాత్రతో కలిపి తాగకు అన్నారు.

నెల తిరిగేసరికి 10.4, ఆ తర్వాత పరీక్షలో 11.8, చివరికి 12.7. బియ్యం మీద మనసు మొదటి నెలలోనే పోయింది, అదే నాకు ఎక్కువ ఆశ్చర్యం. 12 దాటగానే మాత్రలు ఆపేయొచ్చనుకున్నాను. ఇప్పుడే ఆపితే బ్యాంకులో ఏమీ లేకుండా జేబులో డబ్బు చూసుకుని మురిసినట్టే అన్నారు. నిల్వలు నిండాలంటే హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా ఇంచుమించు మూడు నెలలు వాడాలి. వాడాను. ఫెర్రిటిన్ 34 చూపించాక ఆపారు. నెలసరి మందు మాత్రం కొనసాగుతోంది.

ఈ సంగతులన్నీ మా ఎన్‌ఎస్‌ఎస్ మేడమ్‌కి చెబితే, "అయితే నువ్వే మాట్లాడు" అన్నారు. ఆడిటోరియంలో వద్దు, హాస్టల్ గదుల్లో మాట్లాడతానన్నాను. రాత్రి తొమ్మిదిన్నరకి, నేను మాత్ర వేసుకునే వేళకి, ఒక్కో గదిలో ఐదారుగురం కూర్చునేవాళ్ళం. పాలకూర బొమ్మ లేదు. నల్లగా వస్తుంది భయపడకండి, తిప్పితే మానేయకుండా డాక్టరుని వేళ మార్చమని అడగండి, ప్యాడ్ల లెక్క ఫోన్‌లో రాసుకోండి. చెప్పింది ఇంతే. ఇంతకుముందు మాత్రలు విసిరేసినవాళ్ళు పెట్టెల అడుగు నుంచి స్ట్రిప్పులు తీసి డేటు చూశారు. కొన్ని ఎప్పుడో ఎక్స్‌పైరీ అయిపోయాయి. పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారని చెబితే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళి తెచ్చుకున్నారు. మగపిల్లలు ఇది తమ సంగతి కాదనుకుంటారు. వాళ్ళకి హిమోగ్లోబిన్ 13 ఉండాలి, తగ్గిందంటే రక్తం ఎక్కడైనా పోతోందేమో చూపించుకోవాలి అని మా క్లాసు అబ్బాయిలకీ చెప్పాను. ఒకడికి మొలలున్నాయని తర్వాత తెలిసింది, చెప్పుకోలేక ఊరుకున్నాడు పాపం.

మెస్ కమిటీలో రెండు కోరికలు పెట్టాం. భోజనంలో తలా ఒక నిమ్మ చెక్క, టిఫిన్‌తో ఇచ్చే టీ ఒక గంట తర్వాత. నిమ్మ చెక్కకి వార్డెన్ మేడమ్ ఒప్పుకున్నారు, కాంట్రాక్టరు ఎండాకాలంలో ధర మండుతుంది కాబట్టి అప్పుడివ్వనని షరతు పెట్టాడు. టీ దగ్గర చిక్కొచ్చింది. గంట తర్వాత అంటే తొమ్మిది, అప్పటికి అందరం క్లాసులో ఉంటాం. పైగా టీ లేకుండా ఆ ఇడ్లీ గొంతు దిగదని మూడో అంతస్తు వాళ్ళు ఒక్కరూ సంతకం పెట్టలేదు. ఇడ్లీ సంగతిలో వాళ్ళన్నది నిజమే. ఆరున్నర టీ ఉంచి ఎనిమిదింటిది తీసేసి, ఆ డబ్బుతో వారానికి రెండు రోజులు గుడ్డు అదనంగా పెట్టమని వచ్చే మీటింగులో అడగబోతున్నాం.