బెంచ్ మీద ఒక ఏడాది: జేలెన్ హర్ట్స్ గురించి

అమెరికన్ ఫుట్‌బాల్ గురించి తెలుగులో రాస్తే ఎవరు చదువుతారు అని మా ఆవిడ అడిగింది. చదివేవాళ్ళు చదువుతారులే అన్నాను. నాకైతే అలబామా యూనివర్సిటీకి ఆడిన క్వార్టర్‌బ్యాక్ (జట్టు ఆటని నడిపించేవాడు) జేలెన్ హర్ట్స్ గురించి రాయాలని 2018 నుంచీ ఉంది, ఎందుకంటే ఆ సీజన్లో తను బెంచ్ మీద ఉన్నాడు, నేనూ బెంచ్ మీదే ఉన్నా. ఐటీవాళ్ళకి బెంచ్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఆగస్టులో ప్రాజెక్ట్ అయిపోయింది, కొత్తది రాలేదు, పొద్దున్నే లేచి లాప్‌టాప్ ముందు కూర్చోవడం, ఫోన్ మోగితే రిక్రూటరేమో అని ఉలిక్కిపడటం, ఇంటికి కాల్ చేసినప్పుడు మాత్రం అమ్మకి అంతా బానే ఉంది అని చెప్పడం. శనివారం వస్తే పొద్దుట్నుంచి రాత్రి దాకా కాలేజీ ఫుట్‌బాల్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆ నాలుగు నెలల్లో ఈ కుర్రాడు నాకు ఎంత దగ్గరయ్యాడో చెప్పలేను.

పైగా మా ఊరివాడే. మేం ఉండేది హ్యూస్టన్‌లో, ఇక్కణ్ణుంచి ఐ-10 హైవే మీద తూర్పు వైపు వెళ్తే ఛానెల్‌వ్యూ అని వస్తుంది, అదీ హర్ట్స్ ఊరు. వాళ్ళ నాన్న అవేరియన్ హర్ట్స్ ఛానెల్‌వ్యూ హైస్కూల్లో ఫుట్‌బాల్ కోచ్, అన్న కూడా క్వార్టర్‌బ్యాకే. అంటే ఇంట్లో నాన్న, గ్రౌండ్‌లో కోచ్, ఇద్దరూ ఒకరే. హైస్కూల్లో పవర్‌లిఫ్టింగ్ కూడా చేసాడు, 500 పౌండ్లు, అంటే 226 కిలోల పైన, భుజాల మీద పెట్టుకుని స్క్వాట్ కొట్టేవాడు. ఆ కాళ్ళు గుర్తుపెట్టుకోండి, కథంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

ఆట తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తా. క్వార్టర్‌బ్యాక్ పని మామూలుగా బంతిని ముందుకి విసరడం, లేదా పక్కనున్న రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) చేతికి ఇవ్వడం. ఇచ్చేసాక ఆ ప్లేలో (ఒక్కో ఎత్తుని ప్లే అంటారు) ఇంక తన పని దాదాపు అయిపోయినట్టే. అవతల డిఫెన్స్‌లో పదకొండు మందీ పరుగెత్తేవాడి మీద పడొచ్చు, ఇవతల మాత్రం పది మందే మిగులుతారు. కానీ క్వార్టర్‌బ్యాక్ తనే పరుగెత్తగలిగితే ఈ లెక్క మారిపోతుంది. జోన్ రీడ్ అని ఒక ప్లే ఉంది, అందులో డిఫెన్స్ చివర్లో ఉన్న ఒకణ్ణి కావాలనే ఎవరూ బ్లాక్ చెయ్యకుండా వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి ఆ ఒక్కడినే చూస్తుంటాడు, వాడు రన్నింగ్ బ్యాక్ వైపు వస్తే బంతి వెనక్కి లాక్కుని తనే పరుగు, వాడు ఆగి చూస్తుంటే బంతి ఇచ్చేస్తాడు. అర సెకను కూడా ఉండదు ఆ నిర్ణయానికి. ఇలా విసిరీ పరుగెత్తీ రెండు రకాలుగా చంపేవాణ్ణి డ్యూయల్ థ్రెట్ అంటారు. ఇంకో సంగతి, కాలేజీ రికార్డుల్లో క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసరకముందే వెనక పడేస్తే పోయిన యార్డులు (గజాలు) వాడి పరుగు లెక్కలోంచే తీసేస్తారు. కాబట్టి కింద నేను చెప్పే పరుగు నంబర్లన్నీ ఆ కోతలు పోగా మిగిలినవి.

అలబామాలో చేరిన ఏడాదే, 2016లో, మొదటి మ్యాచ్ యూఎస్‌సీ (సదర్న్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) మీద. మొదలుపెట్టింది వేరే కుర్రాడు, హర్ట్స్ మధ్యలో దిగి మొదటి స్నాప్‌కే, అంటే మొదటి ప్లేకే, బంతి జారవిడిచాడు. పద్దెనిమిదేళ్ళవాడికి అంతకంటే ఘోరమైన మొదలు ఏముంటుంది చెప్పండి. మ్యాచ్ అయ్యేసరికి రెండు టచ్‌డౌన్లు (బంతిని అవతలివాళ్ళ చివరి గీత దాటించి ఎండ్ జోన్‌లోకి చేర్చడం) విసిరాడు, రెండు పరుగెత్తాడు, అలబామా 52-6తో గెలిచింది. ఆ తర్వాత టీమ్ వాడి చేతికే. ఆ సీజన్లో 2,780 యార్డ్స్ పాసింగ్, 954 యార్డ్స్ పరుగు, అలబామా ఆడే ఎస్ఈసీ లీగ్ మొత్తానికి బెస్ట్ అఫెన్సివ్ ప్లేయర్ అవార్డు. జనవరి 2017 జాతీయ ఫైనల్లో క్లెమ్సన్ యూనివర్సిటీ మీద, ఇంకా రెండు నిమిషాల ఏడు సెకన్లు ఉందనగా 30 యార్డులు పరుగెత్తి టీమ్‌ని 31-28తో ముందుకి తెచ్చాడు, ఆ పరుగుతో కప్పు వచ్చేసినట్టే అనుకున్నాం. క్లెమ్సన్ క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్ వదల్లేదు, ఒక్క సెకను మిగిలుండగా హంటర్ రెన్‌ఫ్రోకి విసిరి 35-31తో లాగేసుకున్నాడు. హర్ట్స్ ఆ ఏడాది స్టార్టర్‌గా (మ్యాచ్ మొదలుపెట్టే క్వార్టర్‌బ్యాక్‌గా) ఓడింది ఆ ఒక్కటే. అయితే ఆ రాత్రి విసిరిన 31 పాసుల్లో అందినవి 13 మాత్రమే, కాళ్ళు ఓకే కానీ చెయ్యి సంగతేంటి అనే గొణుగుడు అక్కణ్ణుంచే మొదలైంది.

2018 జనవరి 8 రాత్రి, సంక్రాంతికి ఇంకా వారం ఉంది, ఫ్రెండ్ ఇంట్లో అందరం కూర్చుని చూస్తున్నాం. అట్లాంటాలో జాతీయ ఫైనల్, జార్జియా మీద. ఫస్ట్ హాఫ్ అయ్యేసరికి 13-0 వెనకబడ్డారు. హర్ట్స్ ఎనిమిది పాసులు విసిరితే మూడు అందాయి, మొత్తం 21 యార్డ్స్. సెకండ్ హాఫ్‌కి కోచ్ నిక్ సేబన్ వాణ్ణి కూర్చోబెట్టి టువా టాగోవైలోవాని దింపాడు, మొదటి సంవత్సరం కుర్రాడు. స్టార్టర్‌గా 25 గెలిచి రెండే ఓడిన క్వార్టర్‌బ్యాక్‌ని ఫైనల్ మధ్యలో తీసేయడం అంటే మామూలు విషయమా. టువా మ్యాచ్ నిలబెట్టాడు, ఓవర్‌టైమ్‌లో ఒకసారి దొరికిపోయి 16 యార్డులు వెనక్కి పోయినా మరుసటి ప్లేకే డివాంటా స్మిత్‌కి 41 యార్డుల టచ్‌డౌన్ విసిరాడు, 26-23, అలబామా ఛాంపియన్స్.

మా ఫ్రెండ్స్ అంతా టువా టువా అని గెంతుతున్నారు. నా కళ్ళు మాత్రం సైడ్‌లైన్‌లో ఉన్న 2 నంబర్ జెర్సీ మీదే ఉన్నాయి. తను ఏడవలేదు, మొహం మాడ్చుకోలేదు, టువా మంచి త్రో వేసినప్పుడల్లా అందరితో కలిసి ఎగిరాడు. ఆ రాత్రి వాడి లోపల ఏం జరిగిందో మనకి తెలీదు. కానీ ఆ పరిస్థితిలో నేనుంటే అలా ఎగరగలిగేవాణ్ణా అని చాలాసార్లు అడుక్కున్నాను, లేదు, నావల్ల కాదు.

అప్పట్నుంచి అందరూ ఒకటే మాట, వెళ్ళిపోతాడు అని. వాళ్ళ నాన్న కూడా స్టార్టర్ కాకపోతే బయటికొస్తాడని దాచకుండానే చెప్పాడు. వేసవిలో హర్ట్స్ కూడా మీడియా ముందు మనసు విప్పాడు, వసంతమంతా నాకెలా ఉందని ఒక్కరూ అడగలేదని. సెప్టెంబర్లో టువానే స్టార్టర్. ఇక్కడ ఒక రూల్ చెప్పాలి. ఆ ఏడాదే కొత్తగా వచ్చింది, నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడి ఆపేస్తే ఆ సీజన్ లెక్కలోకి రాదు, ఆ ఏడాది ఎలిజిబిలిటీ, అంటే కాలేజీకి ఆడే అర్హత, మిగులుతుంది. క్లెమ్సన్‌లో క్వార్టర్‌బ్యాక్ కెల్లీ బ్రయంట్‌కి కూడా హర్ట్స్ లాగే చోటు పోయింది, నాలుగు మ్యాచ్‌లు ఆడాక ట్రెవర్ లారెన్స్‌ని స్టార్టర్ చేయగానే వెళ్ళిపోయాడు. నేను తనని తప్పు పట్టను, తన కెరీర్ తనిష్టం. సరిగ్గా అదే వారం అలబామా ఐదో మ్యాచ్, లూసియానా మీద. హర్ట్స్ దిగుతాడా లేదా అని దేశమంతా చూస్తోంది. దిగాడు. ఆ ఒక్క అడుగుతో ఆ ఏడాది ఖర్చయిపోయింది, ఇంక వెనక్కి రాదు.

జనం ఆ బెంచ్ ఏడాదిని ఓపిక కథలా చెప్తారు, నాకు మాత్రం అది పని నేర్చుకున్న కథ. నంబర్లు చూడండి. 2017లో విసిరిన పాసుల్లో 60 శాతం అందేవి. 2018లో బ్యాకప్‌గా దొరికిన కాసేపట్లోనే 70కి 51, దాదాపు 73 శాతం. చిన్న జట్ల మీద, గెలిచేసిన మ్యాచ్‌ల్లో అని కొందరు తీసిపారేస్తారు, కొంత నిజమే. కానీ త్రో చూస్తే తెలుస్తుంది, ఇదివరకు మొదటి రిసీవర్ (పాస్ అందుకునేవాడు) ఖాళీగా లేకపోతే వెంటనే పరుగు తీసేవాడు, ఇప్పుడు నిలబడి రెండోవాణ్ణి, మూడోవాణ్ణి చూస్తున్నాడు. కాళ్ళున్నవాడు నిలబడటం నేర్చుకోవడం చాలా కష్టం.

డిసెంబర్ 1, 2018. ఎస్ఈసీ లీగ్ ఫైనల్. మళ్ళీ అదే అట్లాంటా స్టేడియం, మళ్ళీ అదే జార్జియా, మళ్ళీ అలబామానే వెనక, 28-21. నాలుగో క్వార్టర్‌లో టువా చీలమండకి దెబ్బ తగిలి కుంటుకుంటూ బయటికొచ్చాడు. హర్ట్స్ హెల్మెట్ పెట్టుకుంటుంటే నేను సోఫాలోంచి లేచి నిలబడ్డా, ఇంట్లో ఎవరూ లేరు, ఒక్కణ్ణే. మొదట జెర్రీ జూడీకి 10 యార్డుల టచ్‌డౌన్ పాస్, స్కోరు సమం. తర్వాత జార్జియా పంట్ (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకి ఇచ్చేయడం) చేస్తున్నట్టు నటించి జస్టిన్ ఫీల్డ్స్‌తో పరుగెత్తించబోయి దొరికిపోయింది, బంతి మళ్ళీ వీళ్ళకి. నిమిషం పైన కొద్ది సెకన్లు ఉందనగా హర్ట్స్ తనే 15 యార్డులు పరుగెత్తి ఎండ్ జోన్‌లో పడ్డాడు. 35-28. ఒకటి చేత్తో, ఒకటి కాళ్ళతో. మ్యాచ్ తర్వాత వాడి గురించి మాట్లాడుతూ సేబన్ గొంతు పట్టేసింది, అంత కఠినమైన మనిషి. నేనైతే ఏడ్చేసాను, అమ్మకి ఫోన్ చేసి నాలుగు నెలల్లో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాను, ప్రాజెక్ట్ లేదమ్మా అని. జనవరిలో వచ్చింది, అది వేరే సంగతి.

అదే డిసెంబర్లో హర్ట్స్ మూడేళ్ళకే డిగ్రీ పట్టా తీసుకున్నాడు, అప్పటి రూల్ ప్రకారం దాంతో వేరే యూనివర్సిటీకి వెళ్ళినా ఒక ఏడాది ఆగకుండా వెంటనే ఆడే వీలుండేది. ఓక్లహోమాకి వెళ్ళాడు. అక్కడ ముందు రెండేళ్ళూ బేకర్ మేఫీల్డ్, కైలర్ మర్రీ వరసగా హైస్మన్ ట్రోఫీ (ఏటా బెస్ట్ కాలేజీ ప్లేయర్‌కి ఇచ్చేది) కొట్టారు, ఇద్దరూ వేరే కాలేజీల్నుంచి వచ్చినవాళ్ళే, ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టాలి. మొదటి మ్యాచ్‌లోనే హ్యూస్టన్ యూనివర్సిటీ మీద, అంటే మా ఊరి మీదే, 332 పాసింగ్, 176 పరుగు, మొత్తం ఆరు టచ్‌డౌన్లు. బేలర్ మీద 28-3 వెనకబడి, మధ్యలో బంతి పోగొట్టుకుని కూడా 34-31తో గెలిచిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సీజన్ మొత్తానికి 3,851 యార్డ్స్ పాసింగ్, 1,298 యార్డ్స్ పరుగు, 32 టచ్‌డౌన్లు విసిరాడు, 20 పరుగెత్తాడు. హైస్మన్‌లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) క్వార్టర్‌బ్యాక్ జో బరో తర్వాత రెండో స్థానం. ప్లేఆఫ్‌లో అదే బరో చేతిలో, ఎల్ఎస్‌యూ మీద 63-28తో చిత్తుగా ఓడిపోయారు, అదీ ఆ అట్లాంటా స్టేడియంలోనే.

ఎన్ఎఫ్ఎల్, అంటే ప్రొఫెషనల్ లీగ్, కథ ఆట చూసేవాళ్ళందరికీ తెలుసు, 2020 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునేది) 53వ పిక్‌గా ఫిలడెల్ఫియా ఈగిల్స్ తీసుకున్నారు, అక్కడా మొదట బ్యాకప్పే. 2025 ఫిబ్రవరిలో కాన్సాస్ సిటీ మీద 40-22తో సూపర్ బౌల్, అంటే ఎన్ఎఫ్ఎల్ ఫైనల్, గెలిచి ఎంవీపీ (మ్యాచ్‌లో బెస్ట్ ప్లేయర్) అయ్యాడు. ఆ మ్యాచ్ మూడో క్వార్టర్‌లో 46 యార్డుల పాస్ ఒకటి విసిరాడు, టచ్‌డౌన్. పట్టుకుంది డివాంటా స్మిత్. 2018 జనవరిలో హర్ట్స్ సైడ్‌లైన్‌లో నిలబడి చూస్తుండగా టువా విసిరిన 41 యార్డుల బంతి పట్టుకున్న డివాంటా స్మితే.