మాస్టారు పెన్సిలు ఎత్తారు

మన పూర్వ విద్యార్థుల క్లబ్బు ఆడినవన్నీ ఫ్రెండ్లీ మ్యాచ్‌లే. ఫ్రెండ్లీకి అంపైర్లు విడిగా రారు. బ్యాటింగ్ చేస్తున్న జట్టులోంచే ఇద్దరు వెళ్ళి నిలబడాలి, ఒకరు బౌలర్ దగ్గర, ఒకరు బ్యాట్స్‌మన్‌కి పక్కగా కాస్త దూరంలో, స్క్వేర్ లెగ్‌లో. తమ వంతు రాగానే వాళ్ళు ప్యాడ్లు కట్టుకోవడానికి వెళ్ళిపోతే, అప్పుడే ఔటైనవాడు వచ్చి ఆ చోట నిలబడతాడు. అంటే మనవాడు ఔటో కాదో చెప్పాల్సింది మనవాడే. ఏళ్ళ తరబడి ఆదివారాలన్నీ మైదానంలో గడిపిన నాకు ఫ్రెండ్లీ మ్యాచ్ అనగానే మొదట గుర్తొచ్చేది ఇదే. గెలిచిన మ్యాచ్‌లూ, కొట్టిన పరుగులూ ఆ తర్వాత.

దీనికి మొదలు 1986 సెప్టెంబర్ 22, సోమవారం. మేం తొమ్మిదో తరగతి. మద్రాసు చేపాక్ మైదానంలో ఆస్ట్రేలియాతో టెస్టు ఆఖరి రోజు. బడి వదిలేసినా ఎవరం ఇళ్ళకి కదల్లేదు. వరండాలో అటెండర్ ట్రాన్సిస్టర్ చుట్టూ నలభై మందిమి. డీన్ జోన్స్ ఆ ఎండలో వాంతులు చేసుకుంటూనే 210 కొట్టిన మ్యాచ్ అది. ఆఖరి ఇన్నింగ్స్‌లో మనకి కావాల్సింది 348. చివరి ఓవర్‌కి నాలుగు పరుగులు, చేతిలో ఒకే వికెట్. రవిశాస్త్రి ముందు రెండు తీశాడు, తర్వాత ఒకటి తీసి స్కోర్లు సమం చేశాడు. ఇంకొక్క పరుగు చాలు. మ్యాచ్‌లో ఒకే ఒక్క బంతి మిగిలుండగా గ్రెగ్ మాథ్యూస్ బౌలింగ్‌లో మణీందర్ సింగ్ ఎల్‌బీడబ్ల్యూ, అంటే వికెట్లకి తగలాల్సిన బంతి కాలికి తగిలిందని ఔట్. టై. టెస్టు క్రికెట్ చరిత్రలో అది రెండోది మాత్రమే.

వేలెత్తిన అంపైరు విక్రమరాజు గారు. అప్పట్లో తటస్థ అంపైర్లు లేరు, ఏ దేశంలో ఆడితే ఆ దేశం వాళ్ళే నిలబడేవారు. బంతి బ్యాటుకి తగిలిందని, అంటే అది ఔటే కాదని మణీందర్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. మేమైతే ఆ సాయంత్రమే ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాం. ‘మనవాడై ఉండి ఎలా ఇచ్చాడు’ అన్నదే అందరి మాటా. లెక్కల మాస్టారు మా వెనక నిలబడి అంతా విన్నారు. ‘మనవాడు కనకే ఒరేయ్, ఆ వేలు అంత బరువు’ అన్నారు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన చెప్పింది ఆరోజు మాకెవరికీ ఎక్కలేదు.

ప్లస్ టూ అయ్యాక కూడా మా ఆట టీ నగర్ సోమసుందరం మైదానంలోనే సాగింది. ఆ మైదానం తెలియని మద్రాసువాడు ఉండడు. ఒకే చోట పది పదిహేను ఆటలు. పక్క ఆటలో బౌండరీ దగ్గరుండే లాంగాన్ ఫీల్డరు మన ఆటకి కీపర్ పక్కన స్లిప్‌లో నిలబడి ఉంటాడు. టెన్నిస్ బాల్‌తో, స్టంపర్ బాల్‌తో బెట్ మ్యాచ్‌లు ఆడేవాళ్ళం, గెలిచినవాడికి బంతి. 1991లో అసలు క్రికెట్ బంతితో ఆడదామన్న కోరిక పుట్టింది. పాత విద్యార్థులం చందాలు వేసుకుని కిట్ కొన్నాం. నాలుగు ప్యాడ్లు, మూడు బ్యాట్లు, ఎవరి తలకీ సరిపోని ఒక హెల్మెట్. ఒక కాలేజీ మైదానం ఆదివారాలు అద్దెకి ఇచ్చేవారు. స్కోరు రాయడానికి ఎవరూ దొరక్కపోతే మాస్టారిని అడిగాం. రిటైరయ్యే వయసులో ఉన్నారాయన. వస్తారనుకోలేదు. మొదటి ఆదివారం మాకంటే ముందే వచ్చి వేపచెట్టు కింద మడత కుర్చీలో కూర్చుని ఉన్నారు.

మ్యాటింగ్ పరచడం గురించి రాయకపోతే మన క్లబ్బు గురించి రాసినట్టు కాదు. పిచ్‌గా పరిచే కొబ్బరిపీచు చాప ఇరవై రెండు గజాలు, చుట్ట చుట్టి ఉంటే నలుగురు మోయాలి. ముందు నేల మీద రాళ్ళు ఏరి, ఊడ్చి, నీళ్ళు చల్లాలి. చాప పరిచి ఒక కొస మేకులు దిగ్గొట్టాక రెండో కొసన నలుగురు వెనక్కి వాలి లాగుతుంటే ఐదోవాడు సుత్తితో కొడతాడు. ఎక్కడ వదులున్నా బంతి అక్కడ పడి మొహం మీదికి లేస్తుంది. అందుకే మాస్టారు చెప్పులు విడిచి చాప మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూసేవారు. ‘ఇక్కడ ఇంకో మేకు’ అనేవారు. ఆయన పాదం తప్పు చెప్పిందని ఏనాడూ అనిపించలేదు. తర్వాత క్రీజు గీతలు సుద్దపొడితో గీసేవాళ్ళం. ఇన్నింగ్స్ మధ్యలో మళ్ళీ గీసేవాళ్ళం. గీతల విషయంలో ఆయన పట్టు వేరు. ‘గీత ఆటగాడిది కాదు. దాని వెనక ఉన్న నేల ఆటగాడిది. బ్యాటు గీత మీదుంటే బయటున్నట్టే’ అని ప్రతి కొత్త కుర్రాడికీ చూపించి చెప్పేవారు.

ఆయన స్కోరు రాసే తీరు చూడాల్సిందే. బౌండరీకైనా, బ్యాటుకి తగలకుండా వచ్చే బై, లెగ్ బై పరుగులకైనా అంపైరు చెయ్యి చూపిస్తే ఆయన చెట్టు కింద నుంచి పెన్సిలు పైకెత్తేవారు. ‘రాసుకున్నాను’ అని దాని అర్థం. అది లేచేదాకా తర్వాతి బంతి వెయ్యనివ్వకూడదు. స్కోరరు జవాబిచ్చేదాకా అంపైరు ఆగాలన్నది నిజంగానే రూలు. ఆదివారం ఫ్రెండ్లీల్లో ఎవరూ పట్టించుకోరు. మన మ్యాచ్‌ల్లో మాత్రం ఏనాడూ తప్పలేదు.

రెండు జట్లూ ఒకే చెట్టు కింద భోంచెయ్యాలన్నది కూడా ఆయన పెట్టిన నియమమే. మన వైపు నుంచి పులిహోర, పెరుగన్నం, గోంగూర. వాళ్ళ వైపు నుంచి సాంబారన్నం, అప్పళాలు. మొదట్లో నాకు ఇది కొంచెం ఇబ్బందిగా ఉండేది. కాసేపటి కిందట ఎల్‌బీ కోసం గొంతు చించుకున్నవాడికి ఊరగాయ అందించడం ఏమిటనిపించేది. అప్పుడు బుచ్చిబాబు నాయుడి సంగతి చెప్పారు. ఆ రోజుల్లో చేపాక్‌లో దొరల క్లబ్బు పెవిలియన్ దొరలకే. అక్కడ ఆడటానికి వెళ్ళిన భారతీయులు చెట్టు నీడన కూర్చుని తినాల్సి వచ్చేదట. ఆ అవమానం తట్టుకోలేకే మన తెలుగువాడు బుచ్చిబాబు సొంతంగా మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడని చెబుతారు. దొరలతో మనవాళ్ళు సమానంగా ఆడే మ్యాచ్ కోసం ఆయన పాటుపడి, అది జరగకుండానే 1908లో పోయాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి సంక్రాంతికి చేపాక్‌లో జరిగిన ప్రెసిడెన్సీ మ్యాచ్ ఆయన కన్న కలే. ‘చెట్టు కింద కూర్చోవడం అవమానం కాదు నాయనా, కొందర్నే కూర్చోబెట్టడం అవమానం’ అన్నారు మాస్టారు. ఆ తర్వాత నాకు ఇబ్బంది అనిపించలేదు.

ఇక ఆ ఆదివారం. 1994, సంక్రాంతి వెళ్ళిన ముక్కనుమ నాడు. ఇక్కడ దాన్ని కాణుం పొంగల్ అంటారు, ఊరంతా మెరీనా వైపు నడుస్తుంది. అప్పటికే మన జట్టు పలచబడుతోంది. మా బ్యాచ్‌లో సగం మంది నాన్నలు కోడంబాకం, వడపళని స్టూడియోల్లో పనిచేసేవారు. తెలుగు సినిమా హైదరాబాద్‌కి తరలిపోతుంటే ఒక్కో ఇల్లూ ఖాళీ అయ్యేది, జట్టులో ఒక్కో చోటూ ఖాళీ అయ్యేది. పదకొండు మంది లేక అవతలి జట్టు దగ్గర ఫీల్డర్‌ని అడిగి తెచ్చుకున్న రోజులున్నాయి. వాళ్ళు కాదనకుండా ఇచ్చేవారు, వాడు తన జట్టువాడి క్యాచే పట్టేవాడు.

ఆ వారం ఊరు వదిలే వంతు మా స్టూడియో రికార్డిస్టు గారబ్బాయిది. బ్యాచ్‌వాళ్ళందరికీ వాడెవరో తెలుసు. ఒకటో తరగతి నుంచి నా పక్క సీటు. సోమవారం సామాన్లు లారీకి, మంగళవారం వాళ్ళు చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌కి. క్లబ్బు తరఫున మూడేళ్ళు ఆడి వాడింకా యాభై కొట్టలేదు. ఆఖరి ఆదివారం కొట్టి వెళ్తానని పొద్దున మేకులు కొడుతూ నాతో అన్నాడు.

వాళ్ళు 35 ఓవర్లలో 163 కొట్టారు. మనకి చివరి ఓవర్‌లో నాలుగు కావాలి, రెండు వికెట్లున్నాయి. వాడు 48 మీద ఉన్నాడు. నేను అంతకుముందే ఔటై స్క్వేర్ లెగ్‌లో నిలబడ్డాను. మిడ్‌వికెట్ వైపు తోసి పరిగెత్తాడు. ఒకటి సునాయాసంగా వచ్చింది. రెండోదానికి వెనక్కి తిరిగినప్పుడే దూరం నుంచి త్రో వచ్చేసింది. వాడు బ్యాటు చాచి జారాడు. కీపర్ బెయిల్స్ లేపాడు. ఆ క్షణాన బ్యాటు గీత మీద ఉంది. గీత దాటలేదు.

నాకు అనుమానం లేదు. ఉంటే బాగుండేది. అనుమానం ఉంటే అది బ్యాట్స్‌మన్‌కే దక్కాలని అందరికీ తెలుసు, నేనూ హాయిగా తల అడ్డంగా ఊపేవాణ్ణి. అప్పీలు చేసిన పదకొండు మందీ నా వైపే చూస్తున్నారు. ఇవ్వడనే అనుకున్నట్టుంది, వాళ్ళ అరుపులో పెద్ద ఆశేమీ లేదు. నా చెయ్యి ఎంతసేపటికి లేచిందో తెలియదు. లేచింది.

వాడు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. ‘గీతా?’ అన్నాడు. ‘గీత మీద’ అన్నాను. బ్యాటు చంకన పెట్టుకుని నడిచాడు.

నేను చెట్టుకేసి చూశాను. ఔటు ఇస్తే స్కోరరు జవాబివ్వాల్సిన పని లేదు. మాస్టారు పెన్సిలు ఎత్తారు. మామూలుగా ఎత్తి దించేస్తారు, ఆరోజు కాసేపు అలాగే పట్టుకున్నారు.

తర్వాతి బంతికే ఆఖరివాడు బౌల్డ్. 161. రెండు పరుగుల తేడాతో ఓడిపోయాం. ‘మ్యాచ్ వాళ్ళ చేతిలో పెట్టావు’ అని మనవాళ్ళలో ఒకరు మొహం మీదే అన్నారు. ఇద్దరు మూడు వారాలు నాతో మాట్లాడలేదు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, ఓడినందుకు కాదు వాళ్ళ బాధ, వాడి యాభై కోసం. బస్సులో వాడు నా పక్కనే కూర్చున్నాడు, కిట్ బ్యాగు ఇద్దరి కాళ్ళ మధ్య పెట్టుకున్నాం. మంగళవారం సెంట్రల్ స్టేషన్‌లో వాళ్ళమ్మ గారు నాకు సంక్రాంతి అరిసెలు ఓ డబ్బాలో పెట్టి ఇచ్చారు. వాడు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. రనౌట్ సంగతి ఇద్దరం ఎత్తలేదు. తర్వాత రాసుకున్న ఉత్తరాల్లోనూ ఎత్తలేదు.

మాస్టారు పోయాక వాళ్ళమ్మాయి గారు ఆరు స్కోరు పుస్తకాలు సంచీలో పెట్టి క్లబ్బుకి ఇచ్చారు. నేను వెంటనే తెరవలేకపోయాను. తెరిచాక ఒక్కో పేజీ చూస్తూ వెళ్ళాను. ప్రతి పేజీలోనూ పైన ‘అంపైర్లు’ అన్న చోట ఖాళీ. అంపైర్లు మారిపోతూ ఉండే మ్యాచ్‌కి ఎవరి పేరని రాస్తారు? 1994 జనవరి పేజీలో మాత్రం ఒక పేరుంది, తెలుగులో, ఆయన గుండ్రటి దస్తూరీలో. నా పేరు.

మొన్న సంక్రాంతి మ్యాచ్‌కి రికార్డిస్టు గారబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చాడు. మ్యాటింగ్ పరిచాక వాడికి ఆ పేజీ చూపించాను. 49 దగ్గర ఆగాడు. పైకి చూశాడు. మిగతా పేజీలన్నీ తిరగేశాడు.

‘ఇంకెక్కడా లేదు కదరా’ అన్నాడు.

‘లేదు’ అన్నాను.

పుస్తకం నాకివ్వలేదు. ‘ఇవాళ స్కోరు ఎవరు రాస్తున్నారు?’ అని అడిగాడు. ఇంకా ఎవరూ దొరకలేదన్నాను. చొక్కా జేబులు తడుముకుని, అక్కడున్న కుర్రాణ్ణి పెన్సిలు అడిగి తీసుకుని వేపచెట్టు కింద కూర్చున్నాడు.

మొదటి ఓవర్ నేను బౌలర్ వైపు నిలబడ్డాను. మూడో బంతి కవర్స్ మధ్యలోంచి బౌండరీకి వెళ్ళింది. చెయ్యి ఊపి, బౌలర్‌ని ఆగమని చెట్టుకేసి చూశాను. పెన్సిలు లేచింది.