‘ఏమీ లే’ కాదు, అమేలీ

“ఏం పేరనుకుంటున్నారే?” అని అడిగింది అమ్మమ్మ. పాపకి పాలిచ్చి భుజాన వేసుకుని వీపు నిమురుతున్నాను.

“ఎమిలీ” అన్నాను.

“ఏమీ లేదా? ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నట్టు మరి?”

ఆవిడకి కాస్త చెముడు. కానీ తప్పు చెముడుది కాదని నాకు అప్పుడే తెలిసిపోయింది. మళ్ళీ గట్టిగా చెప్పాను. గట్టిగా చెప్తే ఇంకా అలాగే వినపడింది. మూడు నెలలుగా మా ఆయనా నేనూ ఆ పేరు వందసార్లు అనుకుని ఉంటాం. ఒక్కసారి కూడా తట్టలేదు.

అసలు ఫ్రెంచ్ పేరెందుకని మా వైపు వాళ్ళంతా అడిగారు. నా పుట్టిల్లు అమలాపురం దగ్గర పల్లెటూరు, అత్తవారిది యానాం. మధ్యలో గౌతమి, దాని మీద ఎదుర్లంక వంతెన. వంతెన దాటితే పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. ఫ్రెంచ్ వాళ్ళు యానాం వదిలింది 1954లో, కాగితాల మీద అప్పగించింది 1962లో. మా అత్తయ్య వాళ్ళ నాన్నగారు ఫ్రెంచ్ వాళ్ళ హయాంలో గుమాస్తా. అత్తయ్య వాళ్ళక్క పుదుచ్చేరి సంబంధం చేసుకుని ఫ్రాన్సులో స్థిరపడింది. మా ఆయన ఆవిణ్ణి దొడ్డమ్మ అంటారు. దొడ్డమ్మ కోరిక ఒక్కటే, ఆ ఇంట్లో ఒక ఆడపిల్లకి తను అక్కడ నోరారా పిలవగలిగే పేరు ఉండాలని. మా ఆయన పుదుచ్చేరిలో చదువుకున్నప్పుడు ఫ్రెంచ్ నేర్చుకున్నారు కాబట్టి ఆయనకీ ఉత్సాహమే. నాకు అభ్యంతరం లేదు కానీ ఒక భయం ఉంది.

ఆ భయం మా ఆయన వాళ్ళ తాతగారి పాత కాగితాలు చూశాక పట్టుకుంది. ఫ్రెంచ్‌లో ఉకారం రాయాలంటే ఓ, యూ రెండూ కలిపి రాస్తారు. అలా ఆయన సుబ్బారావు ఆ కాగితాల్లో ఒకలా ఉంటే, తర్వాత ఇంగ్లీషు కాగితాల్లో ఇంకోలా ఉంది. ఒకచోట గుమాస్తా దాన్ని ‘సౌబ్బారావు’ అని చదివాడట. ఆ ఇద్దరూ ఒకరేనని రుజువు చేయడానికి ఆయన ఎన్ని అఫిడవిట్లు రాయించుకున్నారో అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది.

పాప అమలాపురంలో పుట్టింది. సిద్ధాంతిగారు కృత్తిక నాలుగో పాదం, ‘ఏ’ అక్షరం అన్నారు. మా ఆయన పొంగిపోయారు. ఆయన లిస్టులో ఐదు పేర్లుంటే నాలుగు ఎకారంతోనే: ఎలీజ్, ఎలోయీజ్, ఎలోడీ, ఎమిలీ. అడుగున ఒకటి అమేలీ. పక్కపక్కన పెట్టి చదివితే ఒకే పేరుని ఐదుగురు ఐదు రకాలుగా పలికినట్టుంటాయి.

ఎలోడీ మొదటి రోజే పోయింది. పాత జర్మన్ మాటల్లోంచి వచ్చిందట, అర్థం పరాయి సంపద అట. “ఆడపిల్ల పరాయి సొమ్మని ఊళ్ళో అనేవాళ్ళు చాలరా, మనం పేరే పెట్టాలా?” అన్నాను. మా ఆయన మారు మాట్లాడకుండా కొట్టేశారు.

ఎలీజ్ నాకు నచ్చిందే. ఎలిజబెత్‌కి పొట్టి పేరు. రెండు అచ్చుల మధ్య ఎస్ వస్తే ఫ్రెంచ్ వాళ్ళు జ్ అంటారు, కానీ మన బడిలో ఆ స్పెల్లింగ్ చూసి ఎలైస్ అంటారో ఎలీసీ అంటారో. పైగా మనది అజంత భాష కదా, చివర హల్లు ఉంటే నోరు ఊరుకోదు. మా అత్తయ్య మొదటిసారే “ఎలీజు” అంది. బావగారి అబ్బాయికి ఆరేళ్ళు. వాడు తలుపు దగ్గర నిలబడి అంతా విని “చెల్లి పేరు ఎలకా?” అన్నాడు. ఇంక ఆ పేరు లేదు. ఎలోయీజ్‌కి ‘ఐ’ మీద రెండు చుక్కలుండాలట. ఆ చుక్కల కోసం ఏ ఆఫీసులో ఎవరితో గొడవ పడను? అదీ పోయింది.

మిగిలినవి ఎమిలీ, అమేలీ.

మా ఆయన ఎమిలీ పక్షం. న్యూటన్ రాసిన ప్రిన్సిపియా గ్రంథాన్ని ఫ్రెంచ్‌లోకి అనువదించిన ఎమిలీ దు షాత్లే పేరు అది. 1700ల్లో ఒక ఆడది లెక్కలూ భౌతికశాస్త్రమూ అంత నేర్చుకోవడం మాటలు కాదు. నేనూ ఒప్పేసుకున్నాను. బాలింతరాలికి రాత్రుళ్ళు నిద్రెక్కడిది? ఒకరోజు పాపని ఒళ్ళో పెట్టుకుని ఫోన్‌లో ఆవిడ గురించి చదువుతున్నాను. 1749లో, 42 ఏళ్ళ వయసులో ఆడపిల్లని కని, వారం తిరక్కుండానే పోయింది. అనువాదం పూర్తిగా అచ్చయ్యేసరికి 1759. ఫోన్ బోర్లించి పెట్టేశాను. ఇలాంటివి పట్టించుకోనని చెప్పుకుంటాను కానీ పదో రోజు రాత్రి రెండు గంటలకి చదివితే తెలుస్తుంది. తెల్లారాక అమ్మమ్మ వచ్చి ఏమీ లేదా అని అడిగింది.

అమేలీ, ఎమిలీ ఒకే పేరుకి రెండు రూపాలనుకునేదాన్ని. కాదట. ఎమిలీ రోమన్ల ఇంటిపేరు ఎమిలియస్‌లోంచి వచ్చింది. అమేలీ మూలం జర్మన్ భాషలవైపు ఉంది, పని, పాటుపడటం అనే అర్థంతో. దొడ్డమ్మకి వీడియో కాల్ చేస్తే రెండూ పలికి చూపించింది. చివరి అక్షరం మీద కొంచెం ఆగుతుంది, “అమేలీ…” అని. తన పిల్లలప్పుడు అక్కడ ఇంత స్వేచ్ఛ లేదట. 1803 నాటి చట్టం ఒకటుండేది, క్యాలెండర్లలో ఉన్న పేర్లో పాత చరిత్రలో పేర్లో పెట్టమని. మధ్యలో సడలించినా పూర్తిగా పోయింది 1993లో. అందుకే వాళ్ళకి ఇంట్లో ఒక పేరు, కాగితంలో ఒక పేరు. “మీకే నయం, ఎవరూ అడ్డం లేరు” అంది. మా అడ్డం ఆవిడకేం తెలుసు.

నాన్న మాత్రం అమేలీ వినగానే “అమలాపురంలో పుట్టిందనా?” అన్నారు, నిజంగానే అందుకు పెట్టామనుకుని. అమ్మమ్మకి రెండుసార్లు చెప్పాను. “అమ్మలా? మరి ముందే చెప్పొచ్చుగా, నా మేనత్తని అలాగే పిలిచేవాళ్ళు” అని పాపని లాక్కుని “అమ్మలూ” అంటూ వసారాలోకి వెళ్ళిపోయింది.

మా ఆయన వాళ్ళ వెనకే చూసి, లిస్టు మడిచి జేబులో పెట్టుకున్నారు.

అక్షరం సంగతి సిద్ధాంతిగారిని అడిగితే, “కృత్తికకి ఆ, ఈ, ఊ, ఏ నాలుగూ ఉన్నాయమ్మా. పాదం పట్టింపైతే జన్మనామం వేరే పెడదాం, పిలిచేది మీ ఇష్టం” అన్నారు. జన్మనామం ఇక్కడ రాయను.

ఇరవై ఒకటో రోజున బారసాల. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసేటప్పుడు మా ఆయన ‘అ’, ‘మ’ రాసి ఆగిపోయారు. మె నా, మే నా? ఫ్రెంచ్ ‘ఏ’ మన ఎకారమంత పొట్టీ కాదు, ఏకారమంత పొడుగూ కాదట. అందరూ కూర్చుని ఉండగా ఈ చర్చ. “ముహూర్తం దాటిపోతోంది, దీర్ఘం ఇచ్చేయరా” అంది అత్తయ్య. దీర్ఘం ఇచ్చేశారు.

జనన నమోదుకి 21 రోజులు గడువు, కానీ అప్పటికి పేరు ఉండక్కర్లేదు. నమోదైన ఏడాదిలోపు పేరు చేర్పిస్తే ఫీజు లేదు, తర్వాతైతే పదిహేనేళ్ళ దాకా ఫీజు కట్టి చేర్పించుకోవచ్చు. అందుకే ముందు పేరు ఖాళీగా వదిలేసి, రెండో నెలలో వెళ్ళాం. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ రుజువు ఈ పత్రమే కాబట్టి స్పెల్లింగ్ విషయంలో టెన్షన్ ఎక్కువైంది. ఫ్రెంచ్ స్పెల్లింగ్‌లోలా ‘ఈ’ (E) మీద వాలుగీత పెట్టే వీలు లేదన్నారు. దొడ్డమ్మ కూడా పెద్దక్షరాల మీద గీత అక్కడా చాలామంది వదిలేస్తారు, దిగులుపడకు అంది. చీటీ మీద ఒక్కో అక్షరం విడివిడిగా రాసిచ్చాను. ప్రింట్ తీసేముందు స్క్రీన్ నావైపు తిప్పమని అడిగి, తాతగారి సుబ్బారావుని తలుచుకుని, వేలు పెట్టి చదువుకున్నాను. సరిగ్గానే ఉంది.

పద్నాలుగో వారం టీకాకి అమ్మమ్మ కూడా వస్తానంది. బల్ల మీద కూర్చున్నాం. లోపలినుంచి నర్సమ్మ కార్డు చూసి పిలిచింది, “ఎమిలీ ఎవరమ్మా?”

కార్డు మీద అమేలీ అనే ఉంది. నేను అది చెబుదామా వద్దా అనుకుంటుండగానే అమ్మమ్మ మోచేత్తో పొడిచింది.

“ఏమీ లే అంటే మన అమ్మలే. లే, లే!”