గాంధారం కుదరని రోజు

ఇవాళ కూడా వయొలిన్ మీద మాయామాళవగౌళ రాగం దాటలేదు. దాటాలని కూడా అనిపించలేదు. పొద్దున అయిదింటికి లేచి వెనక గదిలో చాప పరుచుకుని, ఫోనులో తంబూరా పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పాఠాలైన సరళీ స్వరాల్లో మొదటి వరస, అదీ అన్నిటికంటే నిదానమైన ఒకటో కాలంలో, వాయిస్తుంటే గాంధారం, అంటే గ, దగ్గర చిక్కుపడింది. కాస్త కిందకి దించితే నీరసంగా వినబడుతుంది, కాస్త పైకి జరిపితే మధ్యమానికి, అంటే మ కి, ఆనుకుంటుంది. దాని చోటు ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉందని చెవికి తెలుసు, వేలు మాత్రం నేరుగా వెళ్ళి అక్కడ వాలడం లేదు, దగ్గర్లో దిగి తడుముకుంటోంది.

వీణకైతే ఇరవై నాలుగు మెట్లుంటాయి, వేలు కొంచెం అటూ ఇటూ పడినా మెట్టు కాపాడుతుంది. వయొలిన్‌కి అవి లేవు. నున్నటి నల్లటి పలక, దాని మీద నాలుగు తీగలు, అంతే. మిల్లీమీటరు తేడా వచ్చినా చెవికి తెలిసిపోతుంది. పైగా ఈ రాగంలో రిషభం (రి) షడ్జమాన్ని (స) ఆనుకునే ఉంటుంది, అక్కడి నుంచి గాంధారానికి వేళ్ళ మధ్య బాగా ఎడం పెట్టాలి, మళ్ళీ గాంధారం పక్కనే మధ్యమం. దగ్గర, దూరం, దగ్గర. పంచమానికి తీగ మారితే మళ్ళీ అదే కొలత, ప ద ని స కూడా దగ్గర, దూరం, దగ్గర. మనం తీగల్ని స ప స ప అని శ్రుతి చేసుకుంటాం కాబట్టి రెండో తీగ మీద కూడా వేళ్ళు అచ్చం అవే చోట్ల పడతాయి. మొదటి పాఠానికి ఈ రాగాన్ని పెట్టింది పురందరదాసు అని చెబుతారు. గొంతుకి అది ఎలా ఉంటుందో నేను చెప్పలేను గానీ, వయొలిన్ చేతికి ఇంతకంటే మంచి మొదటి పాఠం ఉండదని ఇప్పుడు నమ్ముతున్నాను, ఒక తీగ మీద సరిగ్గా కుదిరిందంటే సగం రాగం చేతిలోకి వచ్చినట్టే.

చిన్నప్పుడు కావలిలో మాస్టారి ఇంట్లో నేర్చుకునేటప్పుడు ఇవేవీ ఆలోచించలేదు. అప్పటి నా గాంధారం ఎలా ఉండేదో కూడా నాకు తెలియదు, ఎందుకంటే అది నాకు వినబడేదే కాదు. మాస్టారికి వినబడేది. ఆయన తల ఊపితే సరిగ్గా ఉన్నట్టు, ఊపకపోతే లేనట్టు, అంతవరకే నాకు తెలిసింది. ఇంటర్లో బైపీసీ, తర్వాత డిగ్రీ, ఉద్యోగం, పెళ్ళి, పాప, ఈ వరసలో వయొలిన్ బీరువా పైకెక్కింది. అందరిళ్ళలోనూ జరిగేదే కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను.

కానీ ఆ ఏళ్ళన్నీ నేను వింటూనే ఉన్నాను. పొద్దున వంట చేస్తూ విజయవాడ కేంద్రం భక్తిరంజని, తర్వాత క్యాసెట్లు, ఆ తర్వాత ఫోనులో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డింగులు, అన్నవరపు రామస్వామి గారి వయొలిన్ కచేరీలు. ద్వారం వారు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యుడిగా చేరేనాటికి ఆయనకి 26 ఏళ్ళు, అది 1919. చూపు సరిగ్గా లేని మనిషి. ఆ రికార్డుల్లో గరగర శబ్దం వెనక నుంచి ఆయన కమాను, అదే తీగల మీద లాగే కర్ర, ఒక్క స్వరాన్ని పట్టుకుని మొదలు నుంచి కొస దాకా లాగుతుంటే, చేతిలో పని ఆపేసి నిలబడిపోయిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. అలా వింటూ వింటూ, ఎవరూ పాఠం చెప్పకుండానే, చెవి ఎదిగింది. చెయ్యి మాత్రం కావలిలో ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. అందుకే తిరిగి మొదలుపెట్టిన కొత్తలో నా వాయింపు నాకే భరించడం కష్టమయ్యేది. చిన్నప్పుడు వినబడని అపస్వరాలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటీ విడివిడిగా వినబడుతున్నాయి. దీనికి చాలామంది భయపడి మళ్ళీ మానేస్తారని నాకు అనిపిస్తుంది. నాకు మాత్రం పెద్దయ్యాక తిరిగి రావడంలో ఉన్న లాభమే ఇదనిపిస్తోంది. తల ఊపి చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేకపోయినా, తప్పు ఎక్కడుందో ఇప్పుడు నాకే తెలుస్తోంది.

పెట్టె దించి తెరిచిన రోజు కమాను వెంట్రుకలు సగం రాలిపోయి ఉన్నాయి. గుర్రపు తోక వెంట్రుకలు కదా, చీకట్లో మూసి ఉంచితే చిన్న చిన్న పురుగులు చేరి కొరికేస్తాయట. గాలీ వెలుతురూ తగులుతుంటే రావని మైలాపూరులో వాయిద్యాల షాపాయన చెప్పాడు. నెల్లూరు వాళ్ళకి ఇలాంటి పనులకి మద్రాసే దిక్కు, పొద్దున రైలెక్కితే సాయంత్రానికి పని చూసుకుని వచ్చేయవచ్చు. కమానుకి కొత్త వెంట్రుకలు కట్టించాను, తీగలు నాలుగూ మార్పించాను, కమాను వెంట్రుకలకి రాసే రోజిన్ బిళ్ళ ఒకటి కొన్నాను. అప్పటి నుంచి పెట్టెని మూసి దాచడం లేదు, వాయించినా వాయించకపోయినా రోజూ ఒకసారి తెరిచి, తీగల మీది చెమటా రోజిన్ పొడీ నూలు గుడ్డతో తుడుస్తున్నాను. సముద్రం గాలి తగిలే ఊరు మాది, వదిలేస్తే స్టీలు తీగ ఇట్టే తుప్పు పడుతుంది.

రెండు రోజులుగా ముసురు. కార్తీకం వానలు మాకు మామూలే, కానీ వయొలిన్‌కి ఇది వేరే కాలం. చెక్క ఉబ్బి, తీగల్ని బిగించే బిరడలు కదలకుండా బిగుసుకుపోతాయి, కమాను వెంట్రుకలు తేమకి సాగి వదులవుతాయి, మామూలు కంటే ఇంకో రెండు చుట్లు బిగించాలి, వాయించడం అయ్యాక మరిచిపోకుండా వదులు చేయాలి. రోహిణి కార్తెలో దీనికి పూర్తిగా తిరుగు, బిరడ నిలబడక జారిపోతుంది, దానికి సుద్దముక్క రాయమని మాస్టారు చెప్పేవారు. బిగుసుకుంటే కాస్త పొడి సబ్బు. ఇవాళ సన్న తీగ బిరడ ఎంతకీ కదల్లేదు. బలం పెడితే తీగ తెగుతుందని వదిలేసి, కింద శ్రుతిని కొద్దికొద్దిగా సర్దే చిన్న మర, ఫైన్ ట్యూనర్ తోనే సర్దుకున్నాను.

ఎనిమిదిన్నరకి ల్యాబుకి. రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు మాది, మైపాడు రోడ్డులో. వాన పడితే మాకు ఊపిరాడదు, ఇందుకూరుపేట నుంచీ తోటపల్లి గూడూరు నుంచీ సీసాలు పట్టుకుని వస్తూనే ఉంటారు. "రాత్రంతా వానే మేడమ్, ఉప్పు యాడికి పడిపోయిందో చూడండి" అని ఒకాయన తల తుడుచుకోకుండానే సీసా బల్ల మీద పెట్టాడు. వాన నీళ్ళకి గుంటలో ఉప్పు శాతమూ పీహెచ్చూ తగ్గుతాయి, రొయ్య తట్టుకోలేదు, సున్నం ఎంత వేయాలో వెంటనే చెప్పాలి. మధ్యాహ్నం నీళ్ళలో క్షారగుణం (ఆల్కలినిటీ) చూస్తూ బ్యూరెట్ గొట్టం నుంచి చుక్క చుక్క వదులుతుంటే పొద్దుటి గాంధారం గుర్తొచ్చింది. రంగు మారే చోటు దగ్గర పడుతున్నప్పుడు ఒక్క చుక్క ఎక్కువైనా లెక్క పోతుంది, అక్కడ నా చెయ్యి తొందరపడదు, ఎన్నో ఏళ్ళ అలవాటు. అదే చెయ్యి తీగ మీద ఎందుకు తడబడుతోందా అని భోజనం చేస్తూ కూడా ఆలోచించాను.

సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి, దీపం పెట్టాక మళ్ళీ కూర్చున్నాను. కింద కూర్చోవడం మొదట్లో చాలా కష్టమైంది. కుడి కాలు కొంచెం ముందుకి చాపి, వయొలిన్ తల చీలమండ మీద ఆనించి, అడుగు భాగాన్ని ఎడమ భుజం కింద ఛాతీకి ఆనించుకోవాలి. పడమటి వాళ్ళు గడ్డం కింద పెట్టుకుని నిలబడి వాయించే వాయిద్యం ఇది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని వాళ్ళ దగ్గరే నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. కింద కూర్చోబెట్టడంలో ఎంత ఆలోచన ఉందో నేను ఈ మధ్యనే గ్రహించాను. బరువంతా చీలమండా ఛాతీ మోస్తాయి కాబట్టి ఎడమ చేతికి వాయిద్యాన్ని పట్టుకునే పని ఉండదు, తీగ వెంట పైకీ కిందకీ హాయిగా జారుతుంది, స్వరాన్ని ఊపి పలికించే గమకం పలుకుతుంది. మోకాలు నొప్పి పుట్టినప్పుడల్లా ఇది గుర్తు చేసుకుంటాను.

ముందు వట్టి తీగల మీద దీర్ఘ కమాను. షడ్జమం తీగ మీద, వేళ్ళేమీ పెట్టకుండా, ఊపిరంత నిదానంగా ఒక లాగు, ఒక తోపు. తర్వాత సన్న తీగ మీద తార షడ్జమం, అంటే పై స, వెతికాను. ఇది నాకు చాలా ఇష్టమైన పని. ఆ షడ్జమం కచ్చితంగా దాని చోట పడితే పక్కనున్న షడ్జమం తీగ, దాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా, తనంతట తాను మోగుతుంది. వెంట్రుకంత తేడా ఉన్నా మోగదు. కమాను ఎత్తేశాక కూడా గదిలో కాసేపు ఆ మోత ఉంటుంది. అది విన్నప్పుడు నాకు కలిగే సంతోషం ఎవరికి చెప్పినా పూర్తిగా అర్థం కాదేమో, కానీ తిరిగి మొదలుపెట్టినందుకు ఇంకేమీ రాకపోయినా ఇది చాలు అనుకుంటాను.

అత్తయ్య వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆవిడకి సంగీతం తెలియదు, ఎప్పుడూ ఏమీ అనదు. ఇవాళ నేను మంచినీళ్ళకి బయటికొస్తే "ఆ ఒక్కటే పట్టుకుని సాగదీస్తా ఉండావే, అది బాగుండాదమ్మా" అంది. స్వరాలన్నీ వరసగా వాయించినప్పుడు ఏమీ అనని మనిషి వట్టి షడ్జమాన్ని మెచ్చుకుంది. నేను లోపలికొచ్చి ఇంకాసేపు అదే వాయించాను.

నాకంటూ ఒక కోరిక ఉంది, ఇప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పలేదు. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో అందరూ కలిసి ఆయన అయిదు పంచరత్న కీర్తనలు పాడతారు కదా, వయొలిన్లు కూడా కొన్ని కూర్చుంటాయి. ఈ ఏడు కాకపోయినా ఏదో ఒక ఏడు అక్కడ వెనక వరసలో కూర్చోవాలి. వాటి రాగాలు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. అయిదూ కాకపోయినా ఒక్క గౌళ వచ్చినా చాలు. గౌళ మాయామాళవగౌళ నుంచి పుట్టిన రాగమే, స్వరాలు దిగే అవరోహణలో నేను తడుముకుంటున్న ఈ అంతర గాంధారమే వస్తుంది. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల, వాళ్ళ పెద్దలది కంభం ప్రాంతంలోని కాకర్ల ఊరంటారు, ఇంకో వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి గారి పూర్వీకులదీ కంభం వైపే. మా పిన్ని వాళ్ళది మార్కాపురం. చిన్నప్పుడు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కంభం చెరువు గట్టు మీద ఆడుకున్నాం, ఆ నేలకీ ఈ పాటకీ సంబంధం ఉందని అప్పుడు తెలియదు. కావేరి ఒడ్డున కూర్చుని ఆయన తెలుగులో పాడుకున్నాడంటే ఆ భాష ఇక్కడి నుంచి ఆ ఇంట్లోకి వెళ్ళిందే అని తలుచుకుంటే, సరళీ స్వరాలు వాయించడానికి కూడా ఒళ్ళు నిటారుగా పెట్టుకోవాలనిపిస్తుంది.

ఏడు దాటాక మాస్టారికి ఫోన్ చేశాను. ఎనభై దాటిన మనిషి, గొంతు మాత్రం అట్టాగే ఉంది. గాంధారం సంగతి చెబితే ఫోను పక్కన పెట్టి వాయించమన్నారు. మొదటి వరస వాయించాను. ఇంకోసారన్నారు. వాయించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"వేలు కాదమ్మాయ్, నీ కమాను ఆగతా ఉంది" అన్నారు. "గాంధారం వస్తందనగానే కుడి చెయ్యి భయపడి నెమ్మదిస్తా ఉండావు. నాదం సన్నబడితే వేలికి దారి యాడ తెలుస్తంది? కమాను ఆపబాక. తప్పు పడినా పూర్తిగా లాగు."

పొద్దుటి నుంచీ నేను ఎడమ చేతినే చూస్తున్నాను. కుడి చేతి వైపు నా ధ్యాస వెళ్ళనే లేదు. ఫోను పెట్టేశాక అద్దం ముందు చాప వేసుకుని కమానుని చూస్తూ వాయించాను. నిజమే, రిషభం నుంచి గాంధారానికి మారే చోట మణికట్టు బిగుసుకుంటోంది, కమాను సగంలోనే నిలబడిపోతోంది. ఈసారి గాంధారం ఏమైనా కానీ అని కమానుని కొస దాకా ఒకే వేగంతో లాగాను. మొదట అపస్వరమే, అదీ గట్టిగా. కానీ నాదం నిండుగా ఉండేసరికి అది పైకి పోయిందో కిందకి పోయిందో స్పష్టంగా తెలిసింది, వేలు కాస్త వెనక్కి వాలింది. తర్వాత కొన్నిసార్లు కుదిరింది, కొన్నిసార్లు కుదరలేదు. కుదిరినప్పుడు వెతకకుండానే కుదిరింది.

మా ఆయన భోజనానికి రమ్మని పిలిచేదాకా అదొక్క మార్పే వాయించాను, రిషభం, గాంధారం, రిషభం, గాంధారం. రెండో కాలం జోలికి వెళ్ళలేదు. ఎడమ చేతి వేళ్ళ కొసలు మండుతున్నాయి, అక్కడ చర్మం మళ్ళీ గట్టిపడటం మొదలైంది.

ఆదివారం కావలి రమ్మన్నారు మాస్టారు. వయొలిన్ తీసుకురానా, మీది వాయించనా అంటే, నీదే తీసుకురా, తీగల్ని మోసే ఆ బ్రిడ్జి ఎత్తు కూడా చూడాలి అన్నారు. వాన తగ్గితే పొద్దున రైలుకి వెళ్తాను. తగ్గకపోతే పెట్టెకి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని బస్సుకి.